పాత ట్రాక్టరు ఇంజనుకు బోల్టులు, స్టడ్డులు: గుర్తించడం, వెతకడం, లేతుపై చేయించడం

మాస్సీ ఫెర్గూసన్ 1035, ఇంటర్నేషనల్ బీ-275, ఫోర్డ్ 3600, హెచ్‌ఎంటీ 2511 వంటి ట్రాక్టర్లు మన పల్లెల్లో ఇప్పటికీ దమ్ముకో, ట్రాలీకో పనిచేస్తూ కనిపిస్తాయి. వీటికి పిస్టన్లు, లైనర్లు, గ్యాస్కెట్ సెట్లు దొరకడం అంత కష్టం కాదు. అసలు చిక్కంతా చిన్న సామానుతోనే వస్తుంది. సైలెన్సరు మానిఫోల్డు (ఇంజను పొగను సైలెన్సరుకు చేర్చే పోత గొట్టం) విప్పుతుంటే స్టడ్డు (తల లేకుండా రెండు కొసల్లోనూ థ్రెడ్ ఉండే కడ్డీ) విరుగుతుంది, టాపెట్ కవరు నట్టు గుండ్రంగా అరిగిపోయి పానాకు పట్టు చిక్కదు, ఆయిలు పైపు బోల్టు దగ్గర కారుడు ఆగదు. అప్పుడు డబ్బాలో చెయ్యి పెట్టి, కొలతకు దగ్గరగా కనిపించిన బోల్టును తీసి బిగించడం మన దగ్గర మామూలే. ఆ బోల్టు ఖరీదు తక్కువే, కానీ అది చెడగొట్టేది ఇంజను బ్లాకులోని థ్రెడ్‌ను. బోల్టును మళ్ళీ కొనవచ్చు. ఆ కాలపు పోత బ్లాకు మంచిది దొరకాలంటే చాలా తిరగాలి. కాబట్టి ఈ పనిలో ప్రతి నిర్ణయమూ బ్లాకును కాపాడే వైపే ఉండాలి. కొత్త స్టడ్డు ఒక మెట్టు బలహీనంగా ఉన్నా ఫరవాలేని చోట్లు కొన్ని ఉన్నాయి గాని, థ్రెడ్ తప్పినా ఫరవాలేని చోటు ఒక్కటీ లేదు.

మొదటి మెట్టు: ఇంజను ఏ కుటుంబానిదో తెలుసుకోవడం

మన దేశంలో తయారైన పాత ట్రాక్టర్లు వేర్వేరు దేశాల నమూనాలతో వచ్చాయి. మహీంద్రా సంస్థ 1963లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మొదలుపెట్టిన కంపెనీ నుంచి బీ-275 వచ్చింది. మాస్సీ ట్రాక్టర్లను చెన్నైలోని టాఫే తయారు చేసింది. వాటి ఇంజన్లు బ్రిటన్‌కు చెందిన పెర్కిన్స్ నమూనాను అనుసరించి సింప్సన్ కంపెనీలో తయారయ్యాయి. ఎస్కార్ట్స్ సంస్థ 1971 నుంచి ఫోర్డ్ ట్రాక్టర్లను అందించింది. ఈ మూడు కుటుంబాల ఇంజన్లలోనూ ప్రధానంగా కనిపించేవి అంగుళాల కొలతలో ఉండే యూఎన్‌సీ, యూఎన్‌ఎఫ్ థ్రెడ్లు. అమెరికా, బ్రిటన్, కెనడా 1948లో ఉమ్మడిగా ఒప్పుకున్న ఈ పద్ధతిలో థ్రెడ్ కోణం 60 డిగ్రీలు. యూఎన్‌సీ ముతక థ్రెడ్, యూఎన్‌ఎఫ్ సన్న థ్రెడ్. చెకోస్లొవేకియాకు చెందిన జెటర్ నమూనాతో వచ్చిన హెచ్‌ఎంటీ 2511 మాత్రం మెట్రిక్ ట్రాక్టరు. దానికి మిల్లీమీటర్ల బోల్టులే పడతాయి.

వీటికంటే పాతది విట్‌వర్త్ థ్రెడ్. 1841 నాటి ఈ బ్రిటిష్ పద్ధతిలో కోణం 55 డిగ్రీలు. దిగుమతై వచ్చిన మరీ పాత ట్రాక్టర్లలోనూ, పాత బ్రిటిష్ ఆయిలు ఇంజన్లలోనూ ఇది ఎదురవుతుంది. 3/8 అంగుళం బోల్టుకు విట్‌వర్త్‌లోనూ యూఎన్‌సీలోనూ అంగుళానికి 16 థ్రెడ్లే ఉంటాయి కాబట్టి రెండూ ఒకదానిలో ఒకటి ఎక్కినట్టే అనిపిస్తాయి. కోణం వేరు కావడం వల్ల థ్రెడ్ అంచులు మాత్రమే ఆనుకుంటాయి, బిగించే కొద్దీ నలుగుతాయి. అర అంగుళం దగ్గర తేడా సులువుగా బయటపడుతుంది: యూఎన్‌సీకి అంగుళానికి 13 థ్రెడ్లు, విట్‌వర్త్‌కు 12.

కంపెనీ పేరు చూసి థ్రెడ్‌ను తేల్చేయడం మాత్రం పనికిరాదు. నలభై యాభై ఏళ్ళుగా ఎందరో చేతులు పెట్టిన ఇంజనులో, ఎవరో ఒకరు ఏదో ఒక రంధ్రానికి మెట్రిక్ ట్యాపు (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్టు) కొట్టి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఒకే వరుసలోని ఆరు స్టడ్డులలో ఐదు ఒక రకం, ఆరోది మరో రకం కావచ్చు. అందుకే ప్రతి రంధ్రాన్నీ విడిగా కొలవాలి.

రెండో మెట్టు: కొలవడం

కావలసిన సామాను ఎక్కువ కాదు: ఒక వెర్నియర్ కాలిపర్, అంగుళాలకూ మెట్రిక్‌కూ వేర్వేరు ఆకులున్న థ్రెడ్ గేజ్, ఒక ఉక్కు స్కేలు. ముందు బోల్టును వైరు బ్రష్షుతో రుద్ది, డీజిలుతో కడిగి, పైవ్యాసం కొలవాలి. వాడిన బోల్టు ఎప్పుడూ అసలు కొలత కంటే కొంచెం తక్కువే చూపుతుంది. 7.8 మిల్లీమీటర్లు వస్తే అది 5/16 అంగుళం, అంటే 7.94 కావచ్చు, ఎం8 (8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు) కూడా కావచ్చు. 9.4 వస్తే దాదాపుగా 3/8 అంగుళమే, దాని అసలు కొలత 9.53. 11 దగ్గర వస్తే 7/16, 12.6 దగ్గర వస్తే అర అంగుళం. హైదరాబాదు, సికింద్రాబాదు దుకాణాల్లో ఈ కొలతలను సూత్ లెక్కన చెబుతారు. మూడు సూత్ అంటే 3/8, మూడున్నర అంటే 7/16, నాలుగు అంటే అర అంగుళం.

గేజ్ లేనప్పుడు ఒక మంచి ఉపాయం ఉంది. బోల్టుకు కాస్త గ్రీజు పూసి తెల్ల కాగితం మీద నొక్కితే థ్రెడ్ల గీతలు వరుసగా పడతాయి. పది థ్రెడ్ల దూరాన్ని, అంటే మొదటి గీత నుంచి పదకొండో గీత వరకు కొలవండి. 15.9 మిల్లీమీటర్లు వస్తే అంగుళానికి 16 థ్రెడ్లు, అంటే 3/8 యూఎన్‌సీ. 10.6 వస్తే అంగుళానికి 24, అంటే 3/8 లేదా 5/16 యూఎన్‌ఎఫ్. 14.1 వస్తే 5/16 యూఎన్‌సీ, 12.5 వస్తే ఎం8. 7/16కు యూఎన్‌సీలో 14, యూఎన్‌ఎఫ్‌లో 20 థ్రెడ్లు ఉంటాయి. ఒక్క థ్రెడ్‌ను కొలిస్తే కనబడని తేడా పది థ్రెడ్ల మీద స్పష్టంగా తేలుతుంది.

పానా సరిపోయిందని బోల్టు రకాన్ని నిర్ణయించడం చాలామందిని మోసం చేస్తుంది. అర అంగుళం యూఎన్‌ఎఫ్ బోల్టు తల 3/4 అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు, ఎం12 తల కూడా పాత పద్ధతిలో 19 మిల్లీమీటర్లే. 5/16 బోల్టు తల 12.7, ఎం8 తల 13. పానా రెండింటికీ పడుతుంది, థ్రెడ్లు మాత్రం కలవవు. ఎం8 బోల్టును 5/16 యూఎన్‌సీ రంధ్రంలో తిప్పితే రెండు చుట్లు చేతితోనే వెళ్ళి ఆగుతుంది. అక్కడ పానా వేసి బలం పెట్టిన క్షణమే బ్లాకులోని థ్రెడ్ పోయినట్టు. కొత్త బోల్టు ఏదైనా సరే, పూర్తి లోతు వరకు వేళ్ళతో తిరగాలి.

ఆయిలు ప్రెషరు గేజ్, నీళ్ళ డ్రెయిన్ కాక్, ఆయిలు గ్యాలరీ ప్లగ్గుల దగ్గర ఉండేవి పైపు థ్రెడ్లు. వీటికి రాసే 1/8, 1/4 అనే అంకెలు బయటి వ్యాసాలు కావు. బ్రిటిష్ 1/8 పైపు థ్రెడ్ బయటి వ్యాసం 9.73 మిల్లీమీటర్లు, అంగుళానికి 28 థ్రెడ్లు. అమెరికా రకంలో 27. ఈ ఒక్క థ్రెడ్ తేడాతో కారుడు మొదలవుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టల మీద చుట్టలు చుట్టి ఆపే ప్రయత్నం వల్ల టేపు ముక్కలు ఆయిలు దారిలో పడతాయే తప్ప అసలు లోపం పోదు.

మూడో మెట్టు: ఎంత బలం కావాలో తేల్చుకోవడం

పాత బోల్టు తల మీద గీతలుంటే అవి అమెరికా పద్ధతి గుర్తులు. మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. మెట్రిక్ బోల్టుల మీద 8.8, 10.9 వంటి అంకెలుంటాయి. 8.8లో మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల తన్యబలం, రెండో 8 అంటే అందులో 80 శాతం దాకా సాగకుండా నిలుస్తుందని. గ్రేడ్ 5 బోల్టు సుమారుగా 8.8కు, గ్రేడ్ 8 సుమారుగా 10.9కు సమానం. తల మీద ఏ గుర్తూ లేకపోతే దాన్ని మామూలు మెత్తని ఇనుముగానే భావించాలి. 3/8 యూఎన్‌సీ కొలతలో మెత్తని ఇనుప బోల్టు సుమారు 1.2 టన్నుల లాగుడుకే సాగడం మొదలుపెడుతుంది, అదే కొలతలో గ్రేడ్ 5 బోల్టు మూడు టన్నుల దాకా ఆగుతుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. దుకాణంలో ‘హెచ్‌టీ బోల్టు’ (హై టెన్సైల్, అంటే ఎక్కువ బలమున్నది) అన్నంత మాత్రాన సరిపోదు. తల మీద గుర్తు, తయారీదారు ముద్ర రెండూ చూసి తీసుకోవాలి.

మెరుపును చూసి స్టెయిన్‌లెస్ బోల్టులు వేయించే అలవాటు ఈ మధ్య పెరిగింది. మార్కెట్‌లో దొరికే మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు బలం 8.8 కంటే తక్కువ, పైగా స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద బిగిసి, తిరగకుండా పట్టేసే గుణం ఉంది. నా అభిప్రాయంలో ఇంజను మీద వాటికి చోటు లేదు.

నాలుగో మెట్టు: ఎక్కడ వెతకాలి

మొదట ఆ కంపెనీ డీలరు దగ్గర పార్టు నంబరుతో అడగాలి. పార్ట్స్ పుస్తకంలో బోల్టు కొలత కూడా రాసి ఉంటుంది కాబట్టి, సరుకు లేకపోయినా కొలత నిర్ధారణవుతుంది. ఆ తర్వాత వెతకవలసింది ఆటోనగర్లలో. విజయవాడ ఆటోనగర్‌లో పాత ట్రాక్టర్ల స్పేర్లు అమ్మే దుకాణాలతోపాటు విడదీసిన ఇంజన్ల సామాను కూడా దొరుకుతుంది. గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు ఆటోనగర్లలోనూ ఇటువంటి దుకాణాలున్నాయి. బోల్టులు, ట్యాపులు, డైలు (కడ్డీ మీద థ్రెడ్ కోసేవి), డ్రిల్లు బిట్టుల కోసం సికింద్రాబాదులోని రాణిగంజ్ మంచి చోటు. ఒకేసారి ఎక్కువ సంఖ్యలో కావాలంటే దేశంలో బోల్టుల తయారీకి పేరుపడ్డ లూథియానా నుంచి తెప్పించే వ్యాపారులను అడగాలి.

చాలామందికి తట్టని దారి ఒకటుంది. అంబాసిడర్ కారు పాత ఇంజనులోనూ, పాత మహీంద్రా జీపులోనూ యూఎన్‌ఎఫ్, యూఎన్‌సీ థ్రెడ్లే ఉండేవి. కాబట్టి ట్రాక్టరు దుకాణంలో లేదన్న 3/8 యూఎన్‌ఎఫ్ నట్టు పాత జీపుల స్పేర్ల దుకాణంలో దొరకవచ్చు. విట్‌వర్త్ రకం కావాలంటే పాత బుల్లెట్ మోటారు సైకిళ్ళ సామాను అమ్మేవారిని అడగడం మేలు.

అడిగేటప్పుడు ‘మాస్సీ బోల్టు’ అని కాకుండా, వ్యాసం, థ్రెడ్, పొడవు, గ్రేడు వరుసగా చెప్పాలి: ‘3/8 యూఎన్‌ఎఫ్, అంగుళంన్నర పొడవు, గ్రేడ్ 5’. పొడవు అంటే తల కింది నుంచి కొస దాకా. పాత ముక్కను వెంట తీసుకువెళ్ళండి, దానితోపాటు అదే థ్రెడ్ ఉన్న మంచి నట్టును కూడా తీసుకువెళ్ళండి. దుకాణంలోనే తిప్పి చూసుకోవడానికి అంతకు మించిన గేజ్ లేదు.

ఐదో మెట్టు: కొనవలసినవి, చేయించుకోదగినవి

కనెక్టింగ్ రాడ్డు బోల్టులు, మెయిన్ బేరింగ్ క్యాపు బోల్టులు, ఫ్లైవీల్ బోల్టులు, సిలిండరు హెడ్డు స్టడ్డులు లేతుపై చేయించకూడదు. కనెక్టింగ్ రాడ్డు బోల్టు మీద ఇంజను తిరిగే ప్రతి చుట్టులోనూ లాగుడు పడుతూ, తగ్గుతూ ఉంటుంది. కంపెనీ బోల్టుకు థ్రెడ్‌ను కోయరు, గట్టి రోలర్ల మధ్య దొర్లించి ఒత్తుతారు. దానివల్ల థ్రెడ్ అడుగున లోహం గట్టిపడి పగుళ్ళు మొదలుకావు. లేతుపై పనిముట్టుతో కోసిన థ్రెడ్ అడుగున మిగిలే సన్న గీతే పగులుకు మొదలవుతుంది. ఆ బోల్టు తెగితే రాడ్డు బ్లాకును చీల్చుకొని బయటికి వస్తుంది. వీటిని మంచి కంపెనీవి, సెట్టుగా కొని, పాత కొత్త కలపకుండా అన్నీ ఒకేసారి మార్చాలి.

మానిఫోల్డు స్టడ్డులు, వాటరు పంపు స్టడ్డులు, టాపెట్ కవరు నట్లు, డ్రెయిన్ ప్లగ్గులు, టైమింగ్ కవరు బోల్టులు, స్పేసరు బుష్షులు వంటివి మంచి టర్నరు ఉంటే నిశ్చింతగా చేయించుకోవచ్చు. ఆయిలు, డీజిలు పైపుల రాగి వాషర్లను పారేయనక్కరలేదు. వాటిని ఎర్రగా కాల్చి నీళ్ళలో వేసినా, గాలికి ఆరనిచ్చినా మెత్తబడతాయి. ఉక్కులా నీళ్ళలో వేస్తే గట్టిపడడం రాగికి లేదు. నలుపు పొరను సన్న గరుకు కాగితంతో తీసి, రెండు ముఖాలూ చదునుగా ఉంటే మళ్ళీ వాడుకోవచ్చు.

ఆరో మెట్టు: స్టడ్డును లేతుపై చేయించడం

ఎక్కువగా విరిగేది సైలెన్సరు మానిఫోల్డు స్టడ్డు కాబట్టి దాన్నే తీసుకుందాం. కొలత 3/8 అంగుళం, హెడ్డు వైపు యూఎన్‌సీ, నట్టు వైపు యూఎన్‌ఎఫ్ అనుకోండి. పోత ఇనుములో ముతక థ్రెడ్ పట్టు బాగుంటుంది, నట్టు వైపు సన్న థ్రెడ్ సులభంగా వదలదు. అందుకే ఇటువంటి స్టడ్డులకు రెండు కొసల్లో రెండు థ్రెడ్లు కనిపిస్తాయి. మొదట కాగితం మీద బొమ్మ గీసి, మొత్తం పొడవు, రెండు వైపులా థ్రెడ్ పొడవు, మధ్యలోని నున్నటి భాగం పొడవు రాయండి. పోత ఇనుములో స్టడ్డు దిగే లోతు దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే ఇక్కడ సుమారు 14 మిల్లీమీటర్లు ఉండాలి.

లోహంగా 10 మిల్లీమీటర్ల ఈఎన్8 (మధ్యరకం కార్బన్ ఉక్కు) కడ్డీ ఈ పనికి చాలు. ఇంకా గట్టిది కావాలంటే క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఈఎన్19ను, వేడి చికిత్స అయిపోయిన స్థితిలో తీసుకోవాలి. కమ్మరి కొలిమిలో కాల్చి పదును పెట్టిస్తే సరిపోతుందని కొందరు అంటారు. ఉష్ణోగ్రత తెలియకుండా చేసిన పదును వల్ల స్టడ్డు పెళుసుబారి, బిగించేటప్పుడే ఠక్కున తెగుతుంది. స్లాబు కడ్డీ ముక్కతో చేసే స్టడ్డులకూ దూరంగా ఉండండి.

కడ్డీని 9.45 మిల్లీమీటర్లకు తిప్పి, రెండు కొసలకూ వాలు తీయాలి. థ్రెడ్‌ను లేతుపై పనిముట్టుతోనే కోయించి, చివరి మెరుగుకు మాత్రమే డై వాడాలి. మొదటి నుంచీ డైతో తిప్పిన థ్రెడ్ తరచు వంకర పోతుంది, ఆ స్టడ్డు మీద మానిఫోల్డు రంధ్రం కూర్చోదు. ఇక్కడ టర్నరును అడగవలసిన ముఖ్యమైన మాట పనిముట్టు కోణం గురించి. చాలా లేతు షాపుల్లో విట్‌వర్త్ పని కోసం 55 డిగ్రీలకు నూరిన పనిముట్టే బిగించి ఉంటుంది, దానితోనే అన్నీ కోస్తారు. సెంటరు గేజ్‌తో 60 డిగ్రీలు సరిచూడమని చెప్పండి. చాలా పాత లేతుల లీడ్ స్క్రూ అంగుళాల కొలతదే కాబట్టి 16, 24 థ్రెడ్లు కోయడం వారికి కష్టమైన పనేమీ కాదు. 16 థ్రెడ్ల యూఎన్‌సీకి కోత లోతు ఒక పక్కకు 0.97 మిల్లీమీటరు. థ్రెడ్ ముగిసే చోట పదునైన గాడి కొట్టనివ్వకండి; అక్కడ గుండ్రని వంపు ఉంటేనే స్టడ్డు నిలుస్తుంది.

థ్రెడ్‌ను సరిచూడడానికి కొత్త నట్టు చాలు. నట్టు చేతి వేళ్ళతో చివరి దాకా వెళ్ళాలి, పక్కకు కదిపితే ఊగకూడదు. తుప్పు పట్టకుండా జింకు పూత వేయిద్దామనుకుంటే ఒక జాగ్రత్త ఉంది: 10.9, అంతకు మించిన బలమున్న ఉక్కులోకి ఎలక్ట్రో ప్లేటింగ్ సమయంలో హైడ్రోజన్ చేరి పెళుసుదనం తెస్తుంది. పూత వేసిన వెంటనే సుమారు 200 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచే ఏర్పాటు లేని చోట ఆ పని చేయించవద్దు. మానిఫోల్డు స్టడ్డు వేడికి ఎలాగూ పూత నిలవదు, కాబట్టి నూనె పట్టించిన నల్ల స్టడ్డే మేలు.

ఏడో మెట్టు: విరిగిన ముక్కను తీయడం, చెడిన థ్రెడ్‌ను బాగుచేయడం

హెడ్డు ముఖానికి పైన కొంచెమైనా ముక్క కనిపిస్తే, దాని మీద నట్టు పెట్టి, నట్టు రంధ్రం లోపలి నుంచి వెల్డింగు చేయడం అన్నిటికంటే మంచి మార్గం. వెల్డింగు వేడికి ముక్క వ్యాకోచించి, చల్లారేటప్పుడు కుంచించుకుపోయి, తుప్పు పట్టు వదులుతుంది. ఎర్రదనం పోయాక తుప్పు వదిలించే నూనె వేసి, పానాతో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలించాలి. ముక్క లోపలే తెగిపోతే సరిగ్గా నడిమధ్యలో పంచ్ కొట్టి, చిన్న బిట్టుతో మొదలుపెట్టి రంధ్రం వేయాలి. పంచ్ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా బిట్టు మెత్తని పోత ఇనుములోకి వాలిపోతుంది. ఆ రంధ్రంలో దించి ముక్కను వెనక్కి తిప్పే ఎక్స్‌ట్రాక్టరును బలంగా తిప్పి లోపల విరగ్గొడితే, ఆ గట్టి ఉక్కు ముక్కను మామూలు బిట్టు తాకలేదు. కాబట్టి అది కదలకపోతే ఆపి మళ్ళీ వేడి చేయడమే మంచిది.

రంధ్రం థ్రెడ్ పాడై ఉంటే వైరు ఇన్సర్టు (కొత్త థ్రెడ్‌గా పనిచేసే తీగ చుట్ట) వేయవచ్చు, లేదా థ్రెడ్ ఉన్న ఉక్కు బుష్షు చేయించవచ్చు. బుష్షు విషయంలో లెక్క చూసుకోవాలి. 3/8 స్టడ్డుకు అర అంగుళం బుష్షు వేస్తే, రెండు థ్రెడ్ల మధ్య మిగిలే గోడ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, బిగించగానే చీలుతుంది. బుష్షు బయటి కొలత 5/8 యూఎన్‌ఎఫ్ అయితే గోడ రెండు మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది, దానికి 14.5 మిల్లీమీటర్ల బిట్టు వేసి ట్యాపు కొట్టాలి. రంధ్రం చుట్టూ అంత మందం ఉందో లేదో, వెనుక నీళ్ళ దారి ఉందో లేదో ముందుగా చూడాలి.

ఎనిమిదో మెట్టు: బిగించడం

రంధ్రాన్ని శుభ్రం చేయడానికి కొత్త ట్యాపును దింపితే అది మిగిలిన మంచి థ్రెడ్‌ను కూడా కోస్తుంది. అదే థ్రెడ్ ఉన్న పాత బోల్టుకు పొడవునా హాక్సా బ్లేడుతో గాడి కొట్టి తిప్పితే మురికి మాత్రమే బయటికి వస్తుంది. అడుగు మూసిన రంధ్రంలో నూనెగాని, నీళ్ళుగాని ఉండకూడదు. స్టడ్డు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారిలేక, ఒత్తిడికి పోత ఇనుము పగులుతుంది. గాలి కొట్టి ఆరబెట్టాకే స్టడ్డు దించాలి. స్టడ్డు మీద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి, పై నట్టుతో తిప్పుతూ, రంధ్రం అడుగుకు తగలకముందే ఆపాలి. అవతలి కొస నీళ్ళ దారిలోకి వెళ్ళే స్టడ్డుకు సీలెంటు పూయాలి.

మానిఫోల్డు స్టడ్డుల మీద ఇత్తడి నట్లు వాడితే తుప్పుతో ఒకటైపోవు, తర్వాత సులువుగా వస్తాయి. రాగి కలిసిన యాంటీ సీజ్ పేస్టు థ్రెడ్‌కు పూయడం మంచిదే గాని, పూసినప్పుడు అదే టార్కుకు బోల్టు మరింత లాగబడుతుంది కాబట్టి చెయ్యి కాస్త తగ్గించాలి. నట్లను మధ్య నుంచి కొసలకు, రెండు మూడు విడతల్లో బిగించండి. ఇంజను ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్ళీ పానా వేస్తే, గ్యాస్కెట్ నలగడం వల్ల ప్రతి నట్టూ కొంచెం తిరుగుతుంది. అది తిరగని చోట స్టడ్డు అడుగుకు తగిలి ఉందేమో, నట్టు నున్నటి భాగం మీద ఆగిందేమో విప్పి చూడండి.